చీటీ రాసే ముందు మాకొక మాట చెప్పండి: ఊపిరితిత్తుల వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఊపిరితిత్తుల వైద్యులందరికీ,

నమస్కారం. మెట్ల మధ్యలో ఆయాసంతో కూలబడిపోయిన నన్ను మళ్లీ మేడెక్కేలా చేసింది మీలాంటి డాక్టర్లే. ఆ కృతజ్ఞత మరిచిపోయి ఈ లేఖ రాయడం లేదు. మీ ఓపీ బయట ఎంతమంది ఎదురుచూస్తుంటారో ఆ కుర్చీల్లో కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఐదేళ్లుగా నేను సార్కాయిడోసిస్ రోగిని. ఒంట్లోని రక్షణ కణాలు ఉండలుగా పేరుకుపోయే జబ్బు అది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. ఇప్పుడు రాయబోయే విషయాలన్నీ నాకు వైద్యం జరిగిన ఆసుపత్రికి రెండుసార్లు కాగితం మీద రాసిచ్చాను. మొదటిసారి తీసుకుని, ముద్ర వేసిన కాపీ నా చేతికిచ్చారు. జవాబు రాలేదు. రెండోసారి వెళ్తే, "మీ రిపోర్టులు బాగానే ఉన్నాయి కదమ్మా, ఇంకేంటి ప్రాబ్లం?" అన్నారు. నిజమే, రిపోర్టులు బాగానే ఉన్నాయి. నా ఫిర్యాదు రిపోర్టుల మీద కాదు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. వెయిటింగ్ హాల్లో పరిచయమైన రోగులు ఒక్కొక్కరూ ఒక్కో డాక్టరు దగ్గర చూపించుకున్నవాళ్లు. అయినా అందరి కథా ఇంచుమించు ఇదే. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ జబ్బుకి మందు ఒక్కటే ఉందన్నట్టు మాకు చీటీ రాసిస్తున్నారు. కానీ మందు ఒక్కటే కాదు. అసలు ఏ మందూ వాడకుండా కనిపెట్టుకుని ఉండటం దగ్గర్నుంచి, నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు డ్రిప్ దాకా చాలా దారులున్నాయి. వాటిలో మాకు ఏది ఎంచారు, ఎందుకు ఎంచారు, ఎన్నాళ్లు వాడాలి, పనిచేయకపోతే తర్వాత ఏమిటి అన్న నాలుగు ముక్కలు మాకు ఎవరూ చెప్పడం లేదు.

నా సంగతే చెబుతాను. రెండు నెలలు పొడిదగ్గు తగ్గలేదు. ఎక్స్‌రే తీస్తే ఛాతీలో రెండు పక్కలా గ్రంథులు ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తుల్లో నీడలున్నాయి. గొట్టం వేసి ముక్క తీశారు. గ్రాన్యులోమా, అంటే ఆ కణాల ఉండ అని రిపోర్టు వచ్చింది. టీబీ కాదు, క్యాన్సర్ అంతకన్నా కాదు అన్న మాట వినగానే మా ఆయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో చీటీ మీద ఏముందో ఇద్దరం చూడనే లేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, 40 ఎంజీ, రోజూ పొద్దున ఏదైనా తిన్నాక. నెలయ్యాక రమ్మన్నారు. మేం లోపల ఉన్నది మహా అయితే ఏడు నిమిషాలు.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ మాట దాచను. పది రోజులకే దగ్గు సగానికి సగం తగ్గింది. కానీ రెండో వారం నుంచి నిద్ర లేదు. రాత్రి రెండున్నరకి లేచి అలమరలో డబ్బాలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్లీ పేర్చేదాన్ని. అలమర అంత శుభ్రంగా అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. మూడో నెలకి పదకొండు కిలోలు పెరిగాను. ఇంతకుముందు లేని షుగర్ వచ్చింది. ఒకరోజు పొద్దున నా ఫోన్ నా ముఖం చూసి తెరుచుకోవడం మానేసింది. లైటు వేసి చూశాను, కళ్లజోడు తీసి చూశాను, జుట్టు వెనక్కి దువ్వి చూశాను. ఊహూ. ముఖం అంతలా ఉబ్బిపోయింది మరి. పాత ముఖాన్ని ఫోన్లోంచి తీసేసి కొత్త ముఖం ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

డోసు తగ్గించిన ప్రతిసారీ దగ్గు తిరగబెట్టేది, మళ్లీ పెంచేవారు. రెండేళ్లు ఇలాగే నడిచింది. చివరికి ఇంకో డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఫైలు తిరగేసి ఆవిడ అడిగిన మొదటి మాట, "మెథోట్రెక్సేట్ ఎందుకు మొదలుపెట్టలేదమ్మా?" నాకేం తెలుసు! ఆ పేరు వినడం అదే మొదటిసారి. స్టెరాయిడ్ కాకుండా ఈ జబ్బుని అణిచే ఇంకో మందు అది. మందు మారాక ఏడాదిలో ప్రెడ్నిసొలోన్ 5 ఎంజీకి దిగింది. ఇప్పుడు అసలు లేదు. షుగర్ మాత్రం ఉండిపోయింది.

ఇకపై నేను రాసేదంతా మీకు తెలిసిందే. రోగులు కూడా చదువుతారు కాబట్టి విడమరిచి రాస్తున్నాను, విసుక్కోవద్దు. 1899లో నార్వే డాక్టరు సీజర్ బెక్ ఈ జబ్బుకి ఇప్పుడున్న పేరు రావడానికి కారణమైన పదం వాడారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇది ఎందుకు వస్తుందో ఖాయంగా ఎవరూ చెప్పలేకపోయారు. రక్షణ కణాలు ఉండలుగా పేరుకుంటాయి. వాటినే గ్రాన్యులోమాలు అంటారు. ఒంట్లో ఎక్కడైనా పేరుకోవచ్చు కానీ, పదిమంది రోగుల్లో తొమ్మిదిమందికి ఛాతీలోనే ఉంటుంది. చాలామందిలో దానంతట అదే కరిగిపోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండి ఊపిరితిత్తిలో మచ్చలు పెడుతుంది. జబ్బు ఎవరిలో ఎటు తిరుగుతుందో మొదటి రోజే చెప్పడం కష్టం. మందు ఎంచుకోవడంలో ఉన్న చిక్కంతా ఇదే. ఆ చిక్కు మీకుందని మేం అర్థం చేసుకోగలం. అర్థం కానిదల్లా దాన్ని మాకు చెప్పకపోవడమే.

మేం కోరేవి ఇవి.

1. మందు అక్కర్లేని వాళ్లకి ఆ మాట ధైర్యంగా చెప్పండి.

ఎక్స్‌రేని బట్టి బ్రిటిష్ డాక్టరు స్కాడింగ్ గారు 1961లో చేసిన దశలనే ఇప్పటికీ వాడుతున్నారు. గ్రంథులు మాత్రమే ఉబ్బిన మొదటి దశలో సగానికి పైగా రోగులకి మందు లేకుండానే తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల్లో కూడా నీడలున్న రెండో దశలో దాదాపు సగం మందికి తగ్గుతుంది. గ్రంథులు పోయి నీడలే మిగిలిన మూడో దశలో పది నుంచి ఇరవై శాతం మందికే ఆ అదృష్టం. మచ్చలు పడ్డ నాలుగో దశలో ఆ ఆశ లేదు. కాళ్ల మీద ఎర్రటి గడ్డలు, చీలమండల నొప్పి, జ్వరంతో మొదలయ్యే లాఫ్‌గ్రెన్ సిండ్రోమ్ అయితే చూడటానికి భయపెడుతుంది కానీ చాలావరకు నొప్పి మాత్రలతోనే సర్దుకుంటుంది.

అంటే ఊపిరి పరీక్ష బాగుండి, పెద్ద ఇబ్బందేమీ లేని మనిషికి స్టెరాయిడ్ ఇవ్వకుండా మూడు నెలలకోసారి చూస్తూ ఉండటం నిర్లక్ష్యం కాదు, అదీ వైద్యమే. ఐరోపా శ్వాసకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా స్టెరాయిడ్‌ని గట్టిగా సిఫార్సు చేసింది ప్రాణాపాయం గానీ శాశ్వత నష్టం గానీ జరిగే ప్రమాదం ఎక్కువున్న వాళ్లకే. మిగతావాళ్ల విషయంలో రోగి బతుకు ఎలా ఉంది, రోగికి ఏం కావాలి అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలంటాయి. మందు రాయకుండా పంపితే రోగి ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడన్న భయం మీకుంటుందని తెలుసు. ఎందుకు రాయడం లేదో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే పోడు.

ఒక్క మినహాయింపు. గుండె, కళ్లు, మెదడు, ఒంట్లో కాల్షియం. వీటిలో ఏది దెబ్బతిన్నా ఊపిరితిత్తులు బాగున్నాయని ఊరుకోవడానికి లేదు. అందుకని మొదట్లోనే ఒక ఈసీజీ, ఒక కంటి పరీక్ష, కాల్షియం పరీక్ష అందరికీ చేయించండి. నాకు కంటి పరీక్ష జరిగింది మూడో ఏట.

2. స్టెరాయిడ్ రాస్తే, ఎంత, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలో కూడా రాయండి.

నా మొదటి చీటీలో ఉన్నది 40 ఎంజీ. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ రోగులు 86 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి 40తో, ఒకరికి 20తో ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి చూశారు. 2023లో అచ్చయిన ఆ ట్రయల్లో, పద్దెనిమిది నెలల దగ్గర జబ్బు తిరగబెట్టడంలో గానీ వైద్యం విఫలమవడంలో గానీ రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరికీ 20 చాలని నేను అనడం లేదు, అనడానికి నేనెవర్ని? 40 అవసరమైతే ఎందుకు అవసరమో చెప్పండి అంటున్నాను, అంతే.

దీనికన్నా పెద్ద సంగతి ముగింపు. ఆరు నెలలకో ఏడాదికో మందు ఆపే లెక్కతో మొదలుపెడతారు. ఆ లెక్క మీ బుర్రలో ఉంటుంది, మా చీటీ మీద ఉండదు. రోజుకి 10 ఎంజీ కన్నా కిందికి దిగలేకపోతే రెండో మందు గురించి ఆలోచించాలన్నది మీ వృత్తిలో అందరికీ తెలిసిన గీత. నేను ఆ గీతకి పైనే రెండేళ్లు ఉన్నాను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వారాల తరబడి స్టెరాయిడ్ వేసుకుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోను ఆగిపోతుంది. అలాంటప్పుడు మాత్ర ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వెయిటింగ్ హాల్లో పరిచయమైన ఒక పెద్దాయన "దగ్గు పోయింది కదా, ఈ విషం ఎందుకు" అని ఒక శనివారం ఆపేశారు. మంగళవారం పొద్దున వాంతులు, కళ్లు తిరగడం, బీపీ అందలేదు. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరుకి ఆయన స్టెరాయిడ్ మీద ఉన్నారని చెప్పేవాళ్లు లేరు. బతికారు. జేబులో ఒక కార్డు ఉండుంటే అంత దూరం వచ్చేది కాదు. స్టెరాయిడ్ వేసుకునే ప్రతి రోగికీ ఆ కార్డు ఇవ్వండి. జ్వరం వచ్చినా ఆపరేషన్ జరిగినా డోసు ఏం చేయాలో దాని మీదే రాయండి.

3. మెథోట్రెక్సేట్ గురించి మొదటి రోజే చెప్పండి.

ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. డెబ్బై ఏళ్లుగా స్టెరాయిడ్ ముందు, మిగతావి తర్వాత అన్నదే ఆనవాయితీ. దాన్ని నేరుగా పరీక్షించిన ట్రయల్ 2025లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో, అప్పటిదాకా వైద్యం మొదలుకాని 138 మంది ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ రోగుల్లో కొందరికి ప్రెడ్నిసోన్ (ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడే), కొందరికి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. 24 వారాలకి, గట్టిగా పీల్చి మొత్తం వదిలే గాలి కొలత (అలాంటి మనిషికి ఉండాల్సిన దానిలో ఎంత శాతమన్న లెక్కలో) ప్రెడ్నిసోన్ గుంపులో సగటున 6.75 పాయింట్లు, మెథోట్రెక్సేట్ గుంపులో 6.11 పాయింట్లు పెరిగింది. దాదాపు సమానం. తేడా వచ్చింది ఎక్కడంటే, స్టెరాయిడ్ త్వరగా పనిచేసింది, మెథోట్రెక్సేట్ మెల్లగా అందుకుంది. దుష్ప్రభావాలు రెండింటికీ ఉన్నాయి. స్టెరాయిడ్ వాళ్లకి బరువు, ఆకలి, నిద్రలేమి. మెథోట్రెక్సేట్ వాళ్లకి వికారం, నీరసం, లివర్ పరీక్షల్లో తేడాలు.

ఇప్పుడు చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకీ, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్లకీ, ఇదివరకు డిప్రెషన్‌తో బాధపడినవాళ్లకీ ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూపించాలా వద్దా? ఏ బాధ భరించగలడో రోగికే తెలుస్తుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకీ, తాగుడు మానలేనివాళ్లకీ, త్వరలో బిడ్డ కావాలనుకునే ఆడవాళ్లకీ మెథోట్రెక్సేట్ పనికిరాదు. వాళ్లకి స్టెరాయిడే మేలు కావచ్చు. అదీ చెప్పండి.

మెథోట్రెక్సేట్ దగ్గర ఒక హెచ్చరిక పెద్దక్షరాల్లో ఉండాలి. ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని మనిషి చచ్చిపోతాడు. ఇలాంటి పొరపాట్లు ప్రపంచమంతా జరిగాయి. నా విషయంలోనూ జరగబోయింది. మందుల షాపులో ఇచ్చిన కవరు మీద, మిగతా మాత్రలకి రాసినట్టే దీనికీ పొద్దున ఒక గీత గీసి ఇచ్చారు. మా ఆయన ఆ గీత ప్రకారం వారం రోజుల మందుల పెట్టెలో ఏడు గళ్లలోనూ ఒక్కో పసుపు మాత్ర సర్దేశారు. ఆదివారం రాత్రి ఆయనే డాక్టరుగారి చీటీ ఇంకోసారి అక్షరం అక్షరం చదువుతుంటే ‘వారానికి’ అన్న మాట కంటబడింది. పెట్టె తెరిచి ఆరు మాత్రలు వెనక్కి తీశాం. అప్పటి నుంచి మా క్యాలెండర్లో ప్రతి సోమవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా ఉంటుంది. దయచేసి చీటీ మీద వారం పేరు రాయండి. ‘సోమవారం మాత్రమే’ అని రాయడానికి రెండు సెకన్లు పట్టదు.

దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఎందుకో, రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారో చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే వేరే డాక్టరు ట్రైమెథోప్రిమ్ ఉన్న మాత్ర రాస్తే వేసుకోకూడదనీ, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అది మూలుగని దెబ్బతీస్తుందనీ చెప్పండి. ఈ సంగతి నాకు చెప్పింది డాక్టరు కాదు, ఒక నర్సమ్మ.

4. కాల్షియం, విటమిన్ డి మాత్రలు అలవాటుగా రాసేయకండి.

స్టెరాయిడ్ ఇస్తే ఎముకలు గుల్లబారతాయి కాబట్టి తోడుగా కాల్షియం, విటమిన్ డి ఇవ్వడం మామూలే. కానీ సార్కాయిడోసిస్‌లో ఆ గ్రాన్యులోమాలే విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేస్తుంటాయి, అదుపు లేకుండా. దాంతో రక్తంలో కాల్షియం పెరుగుతుంది, కిడ్నీలో రాళ్లు వస్తాయి, కిడ్నీలే దెబ్బతినవచ్చు. మామూలు పరీక్షలో విటమిన్ డి తక్కువని రావచ్చు, పనిచేసే రూపం మాత్రం ఎక్కువే ఉండవచ్చు. రెండు రూపాలూ కొలవకుండా, రక్తంలోనూ మూత్రంలోనూ కాల్షియం చూడకుండా, తక్కువ ఉంది కదా అని వారానికో పెద్ద డోసు రాయడం మాకు మేలు కాదు. ఎముకలు కాపాడటానికి వేరే మందులున్నాయి.

5. మిగతా మందుల పేర్లు కూడా మా చెవిన వేయండి.

మెథోట్రెక్సేట్ పడని వాళ్లకి అజాథయోప్రిన్, లెఫ్లునోమైడ్, మైకోఫినోలేట్ ఉన్నాయి. వీటి వెనకున్న రుజువులు అంత బలమైనవి కావు, అయినా ఎందరికో పనికొస్తున్నాయి. అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు, అది ఒంట్లో ఎలా విరుగుతుందో చెప్పే జన్యు పరీక్ష వీలైతే చేయించండి. గౌట్‌కి వాడే అలోప్యూరినాల్‌తో అది కలవకూడదని రాయండి. లెఫ్లునోమైడ్, మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి కాబట్టి పెళ్లీడు పిల్లలకి రాసేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ చర్మానికి, పెరిగిన కాల్షియానికి బాగా పనిచేస్తుంది, ఊపిరితిత్తుల్లో దాని పని అంతంతమాత్రం. అది వాడేవాళ్లకి కంటి రెటీనా పరీక్ష తప్పదు. పీల్చే స్టెరాయిడ్ దగ్గుకి కొంత ఉపశమనం ఇస్తుందేమో గానీ జబ్బుని అదుపు చేస్తుందని ఆశ పెట్టకండి.

6. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అవసరమైన వాళ్లకి ఆలస్యం చేయకండి. (ఇది ఆసుపత్రుల యాజమాన్యాలకి, బీమా అధికారులకి కూడా.)

స్టెరాయిడ్, ఆ తర్వాతి మందు రెండూ వాడినా ఊపిరి పడిపోతున్నవాళ్లకి మిగిలే దారి ఇది. 2006లో అచ్చయిన ట్రయల్లో 138 మందిలో దీన్ని చూశారు. యాదృచ్ఛికమే గానీ నెదర్లాండ్స్ ట్రయల్లోనూ అదే అంకె. 24 వారాలకి ఊపిరి కొలత ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కన్నా సగటున 2.5 పాయింట్లు మెరుగైంది. చిన్న లాభమే. జబ్బు ముదిరినవాళ్లలో మాత్రం ఎక్కువ మేలు కనిపించింది. అదే కుటుంబంలోని మందులన్నీ ఒకటే అనుకోవడానికీ లేదు. ఇటానెర్సెప్ట్ పనిచేయలేదు. 2014 ట్రయల్లో గొలిముమాబ్ కూడా ఊపిరితిత్తుల్లో తేలిపోయింది.

మొదలుపెట్టే ముందు దాగి ఉన్న టీబీకి, హెపటైటిస్ బికి పరీక్షలు చేయాలి. గుండె బలహీనంగా ఉందేమో చూడాలి. అవన్నీ మీరు చేస్తారు. బాధ ఎక్కడంటే, ఈ మందు అనుమతి పత్రంలో సార్కాయిడోసిస్ పేరు సాధారణంగా ఉండదు. ఆ ఒక్క సాకుతో బీమా వాళ్లు తిప్పి పంపుతారు. అప్పుడు డాక్టరు ఉత్తరం రాయాలి, రుజువులు జతచేయాలి, మళ్లీ రాయాలి. అంత ఓపిక లేక కొందరు "స్టెరాయిడే కొంచెం పెంచుదాం లెండి" అంటున్నారు. ఆ కొంచెం ఎవరి ఒంట్లోకి వెళ్తోందో ఆలోచించండి. పైగా ఈ డ్రిప్ ఆపేస్తే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. బీమా గడువు అయిపోయిందని మధ్యలో ఆపడం వైద్యం కాదు. నమూనా ఉత్తరాలు మీ సంఘాలే ఒకసారి తయారుచేసి పెడితే ప్రతి డాక్టరూ మొదట్నుంచి రాసుకునే పని తప్పుతుంది.

7. మచ్చలకీ, నీరసానికీ స్టెరాయిడ్ పెంచుకుంటూ పోకండి.

మచ్చ పడ్డాక స్టెరాయిడ్ దాన్ని చెరపలేదు. పెట్ స్కాన్‌లో వాపు ఇంకా రగులుతోందా, ఉన్నది ఉత్త మచ్చేనా అన్నది తేల్చి అప్పుడు మందు రాయండి. మచ్చలు పెరుగుతూ ఊపిరి తగ్గిపోతుంటే నింటెడానిబ్ అనే మందు ఆ వేగాన్ని తగ్గిస్తుందని 2019లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ చూపించింది. అందులో సార్కాయిడోసిస్ వాళ్లు కొద్దిమందే. పోయిన ఊపిరిని అది తిరిగి తేదు, విరేచనాలు పెట్టిస్తుంది. అయినా ఆ దారి ఉందని రోగికి తెలియాలి. ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగిందేమో చూడటం, ఆక్సిజన్, వ్యాయామ శిక్షణ, అవసరమైతే ఊపిరితిత్తుల మార్పిడి కోసం సమయానికి పంపడం కూడా మందులతో సమానమే.

నీరసం సంగతి వేరు. జబ్బు అణిగిపోయినా అది మాత్రం ఉండిపోతుంది. నాకిప్పటికీ మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎవరో ప్లగ్ పీకేసినట్టు ఉంటుంది. దానికి ఎక్స్‌రేలో జవాబు దొరకదు. "అంతా నార్మల్, టెన్షన్ పడకండి" అని పంపేయకుండా నిద్ర, థైరాయిడ్, మనసు, కండరాల బలం ఒకసారి చూడండి. ఏమీ దొరక్కపోతే "ఇది ఈ జబ్బుతో వచ్చేదే, మీ ఊహ కాదు" అనండి. ఆ మాట నాకు నాలుగో ఏట వినబడింది.

ఈ ఏడు కోరికలూ ఒక్క కాగితంలో సరిపోతాయి. రోగికి మొదటి రోజే ఇచ్చే కాగితం. ఒక పక్క దారులన్నీ, మా డాక్టరు ఎంచినది, ఎందుకు ఎంచారో. రెండో పక్క ఎన్నాళ్లు, ఏ పరీక్షలు, ఏం జరిగితే పరుగెత్తుకు రావాలి, ఇది పనిచేయకపోతే తర్వాత ఏది. రోగికి చదువు రాకపోతే కూడా వచ్చిన మనిషి చదువుతారు. మా ఆయన అక్షరం అక్షరం చదువుతారని పైన చెప్పాను కదా, ఆ చదువే నన్ను కాపాడింది.

మీ వృత్తి సంఘాలు రోగులతో కూర్చుని ఆ కాగితం తయారుచేయాలని కోరుతున్నాను. పిలిస్తే నేనూ, నాతో వెయిటింగ్ హాల్లో కూర్చున్న మరికొందరూ వస్తాం. పిలవకపోయినా నా తర్వాతి చెకప్‌కి ఈ లేఖ కాపీ ఫైల్లో పైనే పెట్టుకుని వస్తాను. చెకప్ ఎలాగూ సోమవారం రోజే, ఎర్ర సున్నా చుట్టిన రోజు.

ఇట్లు,
ఒక సార్కాయిడోసిస్ రోగి